గురువారం బొంతకు ఏడు సంతకాలు

నలభై ఏళ్లకు పైగా నేను బొంతలు కుట్టి బతికాను. అదీ ఒక ఉద్యోగమేనా అని నవ్వేవాళ్లుంటారు. నవ్వనీ. పొద్దున్నే సద్ది కట్టుకుని పోయి, పొద్దుగూకే వేళకు నడుము పట్టుకుని ఇంటికొచ్చే పనిని నేను ఉద్యోగమనే అంటాను. నా చదువు నాలుగో తరగతి దాకానే. అయినా ఇది రాసింది నేనే. అక్షరం తప్పులు మనుమరాలు దిద్దింది, మాటలు దిద్దొద్దని చెప్పాను.

ఇది రాయడానికి కారణం ఉంది. ఈ మధ్య ఆడపిల్లలు మళ్లీ ఈ పనిలోకి వస్తున్నారు. చదువుకున్న పిల్లలు. పాత చీరల బొంతలకు పట్నంలో గిరాకీ పుట్టిందట. ఆర్మూరు బస్టాండులో దిగి, నా ఇల్లు అడుక్కుంటూ వచ్చి, రెండు వరుసలు కుట్టడం వచ్చీరాకముందే ఒక మాట అడుగుతారు: "అవ్వా, మేం పది మందిమి కలిసి కుడుతున్నం. సంఘం రిజిస్టర్ చేసుకోమంటవా?" సూది ఎట్లా పట్టాలో అడగరు, ఇది అడుగుతారు. ఒక్కొక్కరికి కూర్చోబెట్టి చెప్పే ఓపిక ఇక నాకు లేదు. ఇందులో సంతోషపడే ముచ్చట తక్కువే. ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు.

పని అంటే ఇది

మేము ఇంటింటికీ పోయి కుట్టేవాళ్లం. ఆ ఇంటివాళ్లు పాత చీరలు, పంచెలు, చిరిగిన దుప్పట్లు బయట పడేసేవారు. పసుపు తవ్వకాలు అయిపోయి, ఉడకబెట్టడం, ఎండబెట్టడం అన్నీ ముగిశాక మాకు పని మొదలయ్యేది. ఆ చీరలు ఎన్నిసార్లు ఉతికినా పసుపు పచ్చగానే ఉండేవి. గట్టిగా ఉన్న చీర పైకొకటి, కిందికొకటి. చిరుగులన్నీ నడుమకు. నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముందు దూరం దూరంగా పెద్ద కుట్లు వేసి పొరలు కదలకుండా పట్టుకుంటాం. తర్వాత నాలుగు దిక్కులా కూర్చుని సన్నకుట్టు కుట్టుకుంటూ నడుమకు వస్తాం.

దారం కొనేవాళ్లం కాదు. మార్కెట్టులో పసుపు బస్తాల మూతులు విప్పినప్పుడు తెల్లటి దారం ఒక్క గుంజుకు జరజరా వచ్చేస్తుంది. హమాలీలు కింద పడేస్తారు. అది ఏరుకొచ్చి, ఉతికి, ఉండలు చుట్టి పెట్టుకునేదాన్ని. ఇప్పటి పిల్లలు రంగురంగుల దారం రీళ్లు కొంటారు. కొనుక్కోండి, మీ ఇష్టం. కానీ మిగిలిన జానెడు ముక్కను చెత్తలో వేస్తే మాత్రం నా దగ్గర కూర్చోవద్దు. ఆ జానెడు ముక్కతో ఒక అతుకు పడుతుంది.

ఇంకో మాట. బొంత చుట్టూ కూర్చున్నప్పుడు పక్కదాని కుట్టును దిద్దకూడదు. ఒకదాని కుట్టు పొడుగు, ఒకదానిది పొట్టి, ఒకదానిది వంకర. అవన్నీ కలిస్తేనే బొంత నిలుస్తుంది. తప్పు దిద్దే హక్కు పని నేర్పిన మనిషికి ఒక్కదానికే.

నర్సవ్వ

నాకు పని నేర్పింది నర్సవ్వ. మా అత్తకు వరుసకు అక్క. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. ఆమె కింద నేనూ, ఎస్తేరూ ఒకే ఏడు చేరాము. ఎస్తేరుది నవీపేట్ వైపు ఊరు, పెళ్లై ఇక్కడికి వచ్చింది. కిరస్తానం వాళ్లు. పసుపు పనులకు కూలికి పోయేది, పనులు లేనప్పుడు మాతో బొంతలకు వచ్చేది. నాకంటే రెండేళ్లు చిన్న. చెయ్యి మాత్రం నాకంటే ఎంతో పెద్దది. ఇది నేను నర్సవ్వ బతికుండగా ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నా పెద్ద తప్పులు రెండు. మొదటిది అప్పటిదే. ఇందల్వాయి దగ్గర ఒక పెద్ద రైతు ఇంట్లో బిడ్డ బాలింతగా వస్తుందని బొంత తొందరగా కావాలన్నారు. నర్సవ్వకు జ్వరం, రాలేదు. ఆ ఇంటి ఆమెకు పని చకచకా నడుస్తున్నట్టు కనపడాలని నేను అంచు ముందే మడిచి కుట్టేశాను. చుట్టూ అంచు పడితే బొంత అప్పుడే అయిపోయినట్టు కనిపిస్తుంది. ఆమె చూసి మెచ్చుకుంది. తర్వాత నడుమ కుట్టబోతే గుడ్డంతా ఉబ్బింది. లోపలి పొరలు సర్దుకోవడానికి దారి లేదు కదా, నాలుగు దిక్కులా మూసేశాను. ఎటు ఒత్తినా ఉబ్బు ఇంకోవైపు పోతుంది తప్ప బయటికి పోదు. మూడో రోజు నర్సవ్వ వచ్చి చూసింది. తిట్టలేదు. అంచంతా తనే విప్పింది, సూది మొనతో ఒక్కొక్క కుట్టు, సగం పూట పట్టింది. విప్పడం అయ్యాక అంది:

"అంచు ఆఖరికే కుట్టాలె పిల్లా. లోపలివి ఒకదానికొకటి అలవాటు పడ్డంక."

ఇంకో ఇంట్లో సంగతి కూడా చెప్పాలి. మమ్మల్ని నడుమింట్లో కూర్చోమన్నారు, ఎస్తేరును మాత్రం గడప బయట కూర్చుని ముక్కలు అతుకు పెట్టమన్నారు. ఎందుకో మాకు తెలుసు, ఎస్తేరుకూ తెలుసు. నర్సవ్వ ఆ ఇంటి ఆమెతో వాదం పెట్టుకోలేదు. పరిచిన బొంతను రాళ్లతో సహా రెండు చేతులా గుంజి వాకిట్లోకి తెచ్చింది. లోపల వెలుతురు చాలదంది. మేమంతా ఎండలో కూర్చుని కుట్టాం. నాలుగు దిక్కులా మనుషులుండాలి, మూడు దిక్కుల బొంత ఉండదు అని మాతో అంది, అంతే. నేను అప్పుడు ఎండకు లోపల్లోపల తిట్టుకున్నాను.

దుబాయి రగ్గులు

మా పనిని చంపింది మిషన్లు కాదు. మా వైపు ఇంటికొకరు చొప్పున గల్ఫుకు పోయినవాళ్లే. వచ్చేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో మడతపెట్టిన పెద్ద రగ్గు తెచ్చేవారు. పువ్వులు, పులిబొమ్మలు, చెయ్యి పెడితే మునిగిపోయేంత మెత్తదనం. ఒక ఇంటికి వస్తే పక్కింటివాళ్లకూ కావాలి. బొంత కప్పుకోవడం నామోషీ అయింది. పాత చీరలు స్టీలు గిన్నెల వాళ్లకు పోయాయి. ఏడాదికి ముప్పై బొంతలు కుట్టే చెయ్యి మూడుకు వచ్చింది, తర్వాత సున్నాకు వచ్చింది.

దీనికి నేను ఎవరినీ తిట్టను. మెత్తగా ఉన్నదాన్ని ఎవరు వద్దంటారు? నర్సవ్వ కన్నుమూసిన చలికాలం ఆమె మీద కూడా మనుమడు తెచ్చిన రగ్గే ఉంది.

గురువారం

నర్సవ్వ పోయాక, కూలికి పిలిచేవాళ్లు లేకపోయాక, నేను ఇంట్లో ఖాళీగా కూర్చోలేక చచ్చిపోయేదాన్ని. ఎస్తేరే ఒక గురువారం రెండు పాత చీరలు చంకలో పెట్టుకుని వచ్చింది. ఎవరికోసమని అడిగితే ఎవరికోసం కాదంది. కుడదామా అంది. అంతే, మొదలైంది.

మా ఇంటి ముందు జాగా చాలకపోతే సుజాత వాళ్ల ఇంటి వెనక రేకుల షెడ్డుకు పోయాం. సుజాత మా వీధిలో కిరాణా దుకాణం వాళ్ల కోడలు, డిగ్రీ చదివింది, ఉషారు పిల్ల. ఆ షెడ్డులో ఒకప్పుడు పసుపు నిల్వ పెట్టేవారు, అప్పుడు ఖాళీ. వీధిలో ఇంకొందరు చేరారు. మొత్తం ఎనిమిది మందిమి. దిక్కుకు ఇద్దరు. ఎవరు ముందొస్తే వాళ్లు మూల పట్టుకుంటారు. గొప్పింటి చీర, కూలామె చీర ఒకే బొంతలో పడేవి. సుజాతకు సూది పట్టడం నేర్పింది ఎస్తేరు. నిజానికి సగంమందికి నేర్పింది ఎస్తేరే, నాకు కోపమెక్కువని నా దగ్గరికి వచ్చేవాళ్లు కాదు.

బొంత అయ్యాక ఎవరింట్లో అక్కరుంటే వాళ్లకు. అమ్మింది లేదు. పేరు లేదు, బోర్డు లేదు. గురువారం అంటే చాలు. నా బతుకులో కూలికి కాకుండా కుట్టిన కుట్లు అవే. కూలికి కుట్టిన నలభై ఏళ్లలో నేను ఒక్కసారి కూడా బొంత అయిపోతోందని బాధపడలేదు. అక్కడ మాత్రం నడుమకు వచ్చే కొద్దీ చెయ్యి మెల్లగా పోయేది.

నాలుగేళ్లు గడిచాక సుజాత వాళ్ల ఇంట్లో అన్నదమ్ములు పంచుకున్నారు. షెడ్డు కూలగొట్టి దుకాణాలు కట్టాలని అనుకున్నారు. నెల గడువిచ్చారు. మేము ఎక్కడ కూర్చోవాలి అన్నదే ప్రశ్న. చిన్న ప్రశ్న. దానికి మేం ఇచ్చుకున్న జవాబే అన్నిటినీ తినేసింది.

ఎక్కడ కూర్చోవాలి

కాలనీ హాలు ఒకటుంది. కొత్తగా సున్నం వేశారు, ఫ్యాన్లున్నాయి. వారానికొక రోజు ఇస్తాం కానీ రిజిస్టరైన సేవా సంఘాలకే ఇస్తామని హాలు కమిటీవాళ్లు సుజాతకు చెప్పారు. షెడ్డులో ఆఖరి గురువారాలు అవి. సుజాత ఆ సంగతి చెప్పి, ఏడుగురు సంతకాలు పెడితే సంఘం అవుతుందట, ఏమంటారని అడిగింది.

ఎస్తేరు సూది ఆపకుండానే అంది:

"మనకు హాలెందుకక్కా? మా వాడకట్టుల చర్చి ముంగట నీడ మంచిగుంటది. చాప ఏస్తె కూసోమా?"

ఎవరూ వద్దనలేదు. ఎవరూ సరేననలేదు. ఒకామె దారం కొరికింది. ఇంకొకామె చీర కొంగు సర్దుకుంది. తర్వాత అందరూ నా వైపు చూశారు, పెద్దదాన్ని కదా. నేను అన్నాను:

"దూరమైతది గదనే."

దూరం కాదు. మా వీధి నుంచి హాలు ఎంతో చర్చి అంతే. ఎస్తేరు ఏళ్ల తరబడి ఆ దూరం ప్రతి గురువారం నడిచి వచ్చింది. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నన్ను ఇప్పటికీ పొడిచేది ఆ ఒక్క మాట. మిగతా అన్నిటికీ సాకులున్నాయి, దానికి లేదు.

ఒకరిద్దరికి సంఘమంటే భయం వేసింది. కాగితాలెందుకు, ఇట్లా బాగానే ఉంది కదా అన్నారు. వాళ్ల నోరు మూయించింది కూడా నేనే. అంచు లేని బొంత పోగులు పోతుంది, ఈ ఎనిమిది మందిమి ఒక కాగితం మీద కట్టుబడి ఉంటే రేపు నేను పోయినా ఇది నిలుస్తుందని చెప్పాను. పని తెలిసినదాని మాటని అందరూ నమ్మారు. అంచు ఎప్పుడు కుట్టాలో నాకు ఒకసారి దెబ్బ తిని తెలిసిన సంగతే. అయినా ఆ రోజు తట్టలేదు.

కాగితాలు రాసే ఆయన

సుజాత, నేను, ఇంకో ముగ్గురం పోయాం. రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద బల్ల వేసుకుని కాగితాలు రాసే ఆయన ఒకరున్నారు. మర్యాదైన మనిషే, చెడ్డవాడు కాదు. ఏడుగురి ఆధార్ కార్డులు అడిగాడు. ఎస్తేరు కార్డు పుట్టింటికి పోయినప్పుడు అక్కడే తీయించుకుంది, నవీపేట్ అడ్రసు మీద ఉంది, అందులో పేరు కూడా వేరే రాసి ఉంది. అది సరిచేయించాలంటే రెండు మూడు వారాలు తిరగాలి. అప్పుడు పసుపు తవ్వకాల కాలం, ఎస్తేరు ఆ రోజు చేనులో ఉంది. షెడ్డు గడువు దగ్గర పడుతోంది. నేను లెక్క చూశాను. ఎస్తేరు కాకుండా సరిగ్గా ఏడుగురం. చాలు, కానీయమన్నాను. తర్వాత చేర్చుకోవచ్చని సుజాత అంది. అధ్యక్షురాలిగా నా పేరు రాశారు, కార్యదర్శిగా సుజాత.

తర్వాత ఆయన అడిగాడు:

"మీ సంఘం ఎవలికి సాయం చేస్తదవ్వా?"

"ఎవలికి జెయ్యది. మేం బొంతలు కుట్టుకుంటం," అన్నాను.

"మీకోసం మీరు కుట్టుకుంటె హాలోళ్లు సేవ అంటరా? ఎవలికో ఒకలికి చేస్తున్నట్టుండాలె."

సుజాత, ఆయనా కలిసి రాశారు. పేద మహిళలకు కుట్టు నేర్పి వాళ్ల కాళ్ల మీద నిలబెట్టడం మా ఉద్దేశమట. వినడానికి గొప్పగానే ఉంది. చేతిపని కోసం, కళ కోసం అని రాసుకున్నా సంఘం అవుతుందని చాన్నాళ్ల తర్వాత ఎవరో చెప్పారు. మాకు తెలియదు, మేము అడగలేదు. హాలు కావాలి, హాలుకు ఏం రాయాలో అది రాశాం.

హాలు వాళ్లకిచ్చే కాగితంలో మీరు నేర్పుతున్న పేద మహిళల పేర్లు కొన్ని రాయాలి, ఎవరున్నారని ఆయన అడిగాడు. సుజాత నా ముఖం చూసింది.

నేను ఎస్తేరు పేరు చెప్పాను.

నా మనసులో ఏముందో రాస్తాను, నమ్మితే నమ్మండి. ఆ కాగితాల్లో ఏడుగురి పేర్లున్నాయి. ఎస్తేరు పేరు ఎక్కడా లేదు. గురువారం మొదలుపెట్టిన మనిషి పేరు ఏదో ఒక చోట ఉండాలి కదా అనుకున్నాను. ఉన్న ఖాళీ అదొక్కటే. అందులో వేయించాను. దారి లేని చోట అతుకు పెట్టినట్టు. ఇంటికొస్తుంటే ఒక మంచి పని చేశాననే అనుకున్నాను కూడా.

ఫోటో

హాలు దొరికిన మొదటి గురువారం కమిటీవాళ్లు చిన్న కార్యక్రమం పెట్టారు. బ్యానరు, మైకు, కుర్చీలు. ఎస్తేరు పని ఎగ్గొట్టి వచ్చింది, కొంగున సూది గుచ్చుకుని. నేల మీద బొంత ఏదని నన్ను అడిగింది. కార్యక్రమం అయ్యాక వేద్దాం, కూర్చో అన్నాను.

కమిటీ పెద్దమనిషి కాగితం చూసి పేర్లు చదివాడు. నాలుగు పేర్లు. మిగతా ముగ్గురు ఆడవాళ్లను కమిటీవాళ్లే చేర్చి ఎక్కడి నుంచో పిలుచుకొచ్చారు. మొదటి పేరు ఎస్తేరుది. కుట్టు పని రాని ఈ పేద చెల్లెళ్లకు మన అవ్వలు పని నేర్పుతారని మైకులో చెప్పి, సూదులూ దారాలూ ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఆమె చేతిలో పెట్టారు. ఫోటో కోసం నన్ను పక్కన నిలబెట్టారు. డబ్బా ఒక కొస నా చేతిలో, ఒక కొస ఆమె చేతిలో. నవ్వమన్నారు. ఎస్తేరు నవ్వింది. నేను నవ్వానో లేదో గుర్తులేదు. ఫోటో మాత్రం హాలులో ఉంది, అందులో నవ్వుతూనే ఉన్నాను.

నేను అక్కడే మైకు గుంజుకుని, ఈమె నాతో సమానంగా నలభై ఏళ్లు బొంతలు కుట్టిన మనిషి అని చెప్పాల్సింది. నా నోటికి వీధంతా భయపడుతుంది. ఆ రోజు ఆ నోరు లేవలేదు. కొత్త సున్నం, కొత్త ఫ్యాన్లు, ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషులు. మొదటి రోజే రచ్చ చేస్తే హాలు పోతుందనుకున్నాను.

కార్యక్రమం అయ్యేసరికి ఎస్తేరు లేదు.

మక్కలు ఒలుస్తూ

మూడు గురువారాలు రాకపోతే నేను పోయాను. మూడు వారాలు ఎందుకు ఆగావని మీరు అడగొచ్చు. అడగండి. ఎస్తేరు గుమ్మం ముందు కూర్చుని మక్కకంకులు ఒలుస్తోంది. నాకు పీట వేసింది, నీళ్లిచ్చింది, మళ్లీ తన పనిలో పడింది. నేనూ ఒక కంకి తీసుకున్నాను.

"ఎందుకు వస్తలేవు?"

"నేర్పుడు అయిపాయె గదక్కా. డబ్బ గూడ ఇచ్చిన్రు."

"అది ఉత్త కాగితం రాతనే."

"సుజాత చిన్నపిల్ల. తెల్వక రాయించింది, ఇంకేం జేస్తది. నాకు ఆమె మీద కోపముండె, గిప్పుడు అది గూడ పోయింది."

అక్కడ నేను ఊరుకుంటే సరిపోయేది. తప్పంతా సుజాత మీద పడి ఉండేది, ఎస్తేరు ఇంకో నెలకో రెండు నెలలకో వచ్చేదేమో. కానీ ఎంత కఠినురాలినైనా అబద్ధం నిలబెట్టడం నాకు రాదు.

"సుజాత గాదు. నీ పేరు నేనే జెప్పిన. యాడనో ఒక కాడ ఉండాలని."

ఆమె చేతులు ఆగాయి. కంకి ఒళ్లో పెట్టుకుంది.

"నువ్వా?"

"నేనే."

"నువ్వు జెప్పకపోతె బాగుండె అక్కా."

పేరు చెప్పకపోతే బాగుండేదన్నదో, ఇప్పుడు ఈ సంగతి చెప్పకపోతే బాగుండేదన్నదో నేను అడగలేదు. కాసేపటికి ఎండ ఎక్కుతోంది, ఇంటికి పొమ్మంది. చేటలో నేను ఒలిచిన గింజలు వేరుగా ఏమీ లేవు, ఆమెవాటిలోనే కలిసిపోయాయి. లేచి వచ్చేశాను.

సుజాతకు సంగతి చెబితే ఏడ్చింది. మీటింగు పెట్టి, తీర్మానం రాసి, ఎస్తేరును సభ్యురాలిగా చేర్చుకుంటున్నామని అందరి చేతా సంతకాలు చేయించి, ఆ కాగితం తీసుకుని పోయింది. ఎస్తేరు ఆ పిల్లకు టీ పోసి పంపిందట. కాగితం మీద సంతకం పెట్టలేదు. ఆమె అన్న మాట సుజాత నాకు ఉన్నదున్నట్టు చెప్పింది: "నన్ను మీరు జేర్చుకునుడేంది బిడ్డా? మిమ్ముల నేను జేర్చుకుంటిని."

అడిగినదానికి జవాబు

పిల్లలూ, మీరు నన్ను అడిగేది రిజిస్టర్ చేసుకోవాలా వద్దా అని. నా మాట ఇది. కాగితం పాపం చేయలేదు. కొందరికి అది అవసరమే. బయటివాళ్లకు నిజంగా ఏదో చేయాలని ఉండి, చేయి కలిపేవాళ్లు ఎక్కువై, పని ఒకరి ఇంట్లో పట్టనంత పెద్దదైతే చేసుకోండి. కానీ చోటు కోసం చేసుకోవద్దు. గౌరవం కోసం చేసుకోవద్దు. ఎవరికి సాయం చేస్తారని కాగితం అడుగుతుంది. ఆ ప్రశ్నకు మీ నడుమనే ఒకరిని చూపించాల్సి వచ్చిందంటే కలం కింద పెట్టి ఇంటికి వచ్చేయండి. అప్పటిదాకా చుట్టూ కూర్చున్నవాళ్లు ఆ మాటతో ఇచ్చేవాళ్లూ, పుచ్చుకునేవాళ్లూ అయిపోతారు. మళ్లీ కలపడం ఏ తీర్మానం వల్లా కాదు.

ఇంకొకటి. మీలో ఒకరి కార్డు సరిగా లేకపోతే, అది సరయ్యేదాకా మిగతావాళ్లు ఆగండి. రెండు వారాలు ఎండలో కూర్చుంటే ఎవరూ చావరు. నేను ఆగలేదు.

ఇది కూడా మీరు వినరని నాకు తెలుసు. నర్సవ్వ చెప్పిందంతా విన్నాక కూడా నేను ఈ పని చేశాను.

ఇప్పుడు

హాలులో బల్లలున్నాయి. నేల మీద కూర్చుంటే సున్నం గోడకు తలనూనె మరకలు పడతాయని కమిటీవాళ్లు బల్లల మీదే కుట్టుకోమన్నారు. బల్ల మీద బొంత పట్టదు. అందుకని ఎవరి ముక్క వాళ్లు తెచ్చుకున్నారు, దిండు గలీబులు, సంచులు. ఎవరిది వాళ్లు కుట్టుకునేదానికి హాలుకెందుకు రావాలి? ఒక్కొక్కరే ఇంట్లోనే ఉండిపోయారు. ఒకామె కొడుకు దగ్గరికి నిజామాబాదు పోయింది. ఇప్పుడు గురువారం వచ్చేది నేను, సుజాత, ఒక్కోసారి ఇంకొకరు. హాలు తెరవకపోతే వేరేవాళ్లకు ఇస్తారని పోయి తెరుస్తాను. ఎస్తేరు బజారులో కనపడితే పలకరిస్తుంది. బాగున్నవా అక్కా అంటుంది. బాగున్న అంటాను. ఎవరి దారిన వాళ్లం పోతాం.

ఈ ఏడు సంఘం సభ్యుల జాబితా మళ్లీ పంపాలన్నారు. నేను కాగితాలు రాసే ఆయన దగ్గరికి పోయి, ఇది మూసేయాలంటే ఎట్లా అని అడిగాను. పెట్టడం తేలిక, మూయడం కష్టమన్నాడు. మూయాలంటే సభ్యులను పిలిచి కూర్చోబెట్టి, సంఘం మాకొద్దని తీర్మానం చేయించుకుని రావాలట.

"మనుషులు రాకున్నా సంఘం ఉంటదా?" అన్నాను.

"ఉంటదవ్వా. పేర్లున్నయి గద."

సరే, ఒక్కసారి కూర్చుని మూసేద్దామని ఇంటింటికీ తిరిగాను. ఒకామెకు మోకాళ్ల నొప్పులు. ఒకామె కోడలు కాన్పు. నిజామాబాదు ఆమె ఫోనులో వచ్చే గురువారం అంది. ఆ గురువారం నేను, సుజాత ఇద్దరమే రెండు కుర్చీల్లో పొద్దుగూకేదాకా ఉన్నాం. ఆ తర్వాతి వారమూ అంతే.

జాబితా గడువు వచ్చింది. ఏడుగురినీ ఒక్కచోట కూర్చోబెట్టలేక, ఏడుగురూ ఉన్నారని కింద సంతకం పెట్టి ఇచ్చాను.